విదేశీ జీవిత భాగస్వామికి, వారి వెంట వచ్చే పిల్లలకు పౌరసత్వం: చట్టం చెప్పేదేమిటి?

డెంకణికోట, హోసూరు ప్రాంతాల కుటుంబాలకు విదేశీ సంబంధాలు నేడు వింత కాదు. బెంగళూరు కంపెనీలలో ఉద్యోగాలకు చేరి, అక్కడి నుండి విదేశాలకు వెళ్ళిన యువకులలో కొందరు అక్కడి స్త్రీలను వివాహమాడి స్వగ్రామాలకు తిరిగి వస్తున్నారు. భర్తను కోల్పోయిన లేదా విడాకులు పొందిన మహిళలు కొందరు బిడ్డతో సహా పునర్వివాహం చేసుకొని పరదేశాలకు తరలిపోతున్నారు. ఈ రెండు సందర్భాలలోనూ ఇంటి పెద్దలు పెళ్ళి గురించి యోచించినంతగా, ఆ పెళ్ళికి ముందే పుట్టిన బిడ్డ కాగితాల గురించి యోచించరు. తల్లికి లభించిన హక్కు బిడ్డకూ లభిస్తుందని నమ్ముతారు. చట్టం మాత్రం భార్యను ఒక విధంగాను, ఆమె వెంట వచ్చిన బిడ్డను మరొక విధంగాను చూస్తుంది. ఆ తేడా తెలియక కాలం గడిపితే బిడ్డకు పద్దెనిమిదేళ్ళు నిండిపోతాయి. అప్పుడు చాలా దారులు మూసుకుపోతాయి.

మన దేశంలో గ్రీన్ కార్డు ఉందా?

అమెరికాలో ఉన్నట్లుగా వివాహం ద్వారా లభించే శాశ్వత నివాస పత్రం భారతదేశంలో లేదు. 2016లో కేంద్ర ప్రభుత్వం శాశ్వత నివాస హోదా అనే పథకాన్ని ఆమోదించింది గాని, అది కోట్ల రూపాయల పెట్టుబడి పెట్టే విదేశీయుల కొరకు ఉద్దేశించినది. సాధారణ కుటుంబాలకు దానితో పని లేదు. మన పౌరుని వివాహమాడిన విదేశీ స్త్రీకి గాని పురుషునికి గాని ఉన్న మెట్లు మూడే. మొదటిది ఎంట్రీ వీసా, రెండవది ఓ.సి.ఐ. కార్డు, మూడవది పౌరసత్వం.

ఎంట్రీ వీసా నివాసానికే గాని ఉద్యోగానికి అనుమతి ఇవ్వదు. 180 రోజులకు మించిన వీసాపై వచ్చినవారు దేశంలో అడుగుపెట్టిన 14 రోజులలోగా విదేశీయుల నమోదు కార్యాలయంలో పేరు నమోదు చేసుకోవాలి. 2018 నుండి ఈ నమోదు, వీసా పొడిగింపు ఇంటర్నెట్ ద్వారానే సాగుతున్నాయి. హోసూరుకు బెంగళూరు కూతవేటు దూరంలో ఉన్నా, నివాసం తమిళనాడులో గనుక దరఖాస్తు చెన్నై కార్యాలయ పరిధిలోకే వస్తుంది. దగ్గర ఉన్నదని బెంగళూరు చిరునామా చూపి నమోదు చేసుకొని డెంకణికోటలో కాపురముండటం తరువాత చిక్కులు తెస్తుంది. పౌరసత్వ దరఖాస్తు వేళ నివాసాన్ని విచారించేది కృష్ణగిరి జిల్లా యంత్రాంగమే.

పాత విదేశీయుల చట్టాలన్నింటినీ తొలగించి 2025 సెప్టెంబరు 1 నుండి వలసల మరియు విదేశీయుల చట్టం, 2025 అమలులోకి వచ్చింది. దీని ప్రకారం విదేశీయులకు బస కల్పించేవారు, చేర్చుకున్న విద్యాసంస్థలు, చికిత్స చేసే ఆసుపత్రులు ఆ వివరాలను అధికారులకు తెలియజేయాలి. విదేశీ పాస్‌పోర్టు గల బాలుడు ఊరి పాఠశాలలో చేరినా ఈ నిబంధన వర్తిస్తుంది. పిల్లవానిని చేర్పించేటప్పుడే ప్రధానోపాధ్యాయునికి విషయం చెప్పి, వీసా ప్రతిని ఇవ్వడం ఉభయులకూ క్షేమం.

ఓ.సి.ఐ. కార్డు

పౌరసత్వ చట్టం, 1955లోని 7ఎ సెక్షను కింద లభించే ఈ కార్డుకు పేరులో పౌరసత్వం అన్న మాట ఉన్నా, ఇది పౌరసత్వం కాదు. జీవితకాలపు వీసా వంటిది. భారత పౌరుని వివాహమాడిన విదేశీయులు దీనిని పొందాలంటే వివాహం రిజిస్టరై ఉండాలి. దరఖాస్తుకు ముందు కనీసం రెండేళ్ళు ఆ దాంపత్యం ఎడతెగకుండా కొనసాగి ఉండాలి. భద్రతా విచారణ కూడా జరుగుతుంది. పాకిస్తాన్, బంగ్లాదేశ్ పౌరులకు గాని, తల్లిదండ్రులో తాతముత్తాతలో ఆ దేశాల పౌరులైనవారికి గాని ఇది ఇవ్వరు.

ఈ కార్డు ఉన్నవారు ఉద్యోగం చేయవచ్చు, ఇల్లు కొనవచ్చు. వ్యవసాయ భూమి, తోట, ఫారం హౌస్ మాత్రం కొనరాదు. రాగి చేలు, పూలతోటలు ఆస్తిగా గల మన ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. భార్య పేరున పొలం రాయించాలని తలచే కుటుంబాలు ఇది గమనించాలి. ఓటు హక్కు కూడా ఉండదు. ఆధార్ కార్డు చేతికి వచ్చిందని ఓటరు జాబితాలో పేరు చేర్పించుకోవడం ప్రమాదకరం. ఆధార్ నివాసులకు ఇచ్చేది, పౌరసత్వానికి రుజువు కాదు. పౌరుడినని తప్పుడు ప్రకటన చేసి ఓటరుగా నమోదు కావడం శిక్షార్హం.

మరొక మాట. భార్యగా పొందిన ఓ.సి.ఐ. ఆ దాంపత్యంపైనే నిలుస్తుంది. వివాహం రద్దయితే కార్డును రద్దు చేసే అధికారం 7డి సెక్షను కింద ప్రభుత్వానికి ఉంది.

పెళ్ళి కాగితం

పై మెట్లన్నిటికీ పునాది రిజిస్టరైన వివాహ ధ్రువపత్రం. కల్యాణ మండపంలో జరిగిన ముహూర్తం, ఫొటోలు, శుభలేఖ ఏవీ చాలవు. ఇద్దరూ హిందువులు కానప్పుడు హిందూ వివాహ చట్టం కింద నమోదు కుదరదు. అప్పుడు ప్రత్యేక వివాహ చట్టం, 1954 వర్తిస్తుంది. వధూవరులలో ఒకరు ఆ జిల్లాలో కనీసం 30 రోజులు నివసించి ఉండాలి, నోటీసు ఇచ్చిన తరువాత మరి 30 రోజులు వేచి ఉండాలి. నెల రోజుల సెలవుపై వచ్చి పెళ్ళి చేసుకొని వెళ్ళాలనుకునేవారికి ఈ లెక్క ముందుగా తెలియాలి. విదేశీయుని మొదటి వివాహం ముగిసినదని తెలిపే విడాకుల తీర్పు లేదా మరణ ధ్రువపత్రం, అవివాహితుడని ఆ దేశం ఇచ్చే పత్రం కావాలి. విదేశీ పత్రాలపై అపోస్టిల్ ముద్ర ఉండాలి. భారతదేశం అపోస్టిల్ ఒప్పందంలో 2005లో చేరింది. ఆ ఒప్పందంలో లేని దేశాల పత్రాలను మాత్రం మన రాయబార కార్యాలయం ద్వారా ధ్రువీకరింపజేయాలి.

ఊరి పేరు కూడా ఇబ్బంది పెట్టగలదు. తెలుగువారికి డెంకణికోట, తమిళ రికార్డులలో తేన్కనికోట్టై. ఆంగ్ల లిపిలో ఒక పత్రంలో ‘డ’తోను, మరొక పత్రంలో ‘త’తోను మొదలవుతుంది. పాత పత్రాలలో ధర్మపురి జిల్లా అని ఉంటుంది. 2004 ఫిబ్రవరిలో కృష్ణగిరి జిల్లా ఏర్పడిన తరువాతి పత్రాలలో కృష్ణగిరి అని ఉంటుంది. మన వారికి ఇవన్నీ ఒకటేనని తెలుసు. ఢిల్లీలో ఫైలు చూసే అధికారికి తెలియదు. ఇంటిపేరును పొడి అక్షరంగా రాసే తమిళనాడు పద్ధతి, పూర్తిగా రాసే ఆంధ్ర పద్ధతి కలగలిసినప్పుడు ఈ గందరగోళం ఇంకా పెరుగుతుంది. మొదటి దరఖాస్తుకు ముందే పేర్లన్నీ ఒక్క తీరున సరిచేయించుకోవడం ఉత్తమం.

ఏడేళ్ళ లెక్క

1955లో చట్టం వచ్చినప్పుడు భారతీయుని వివాహమాడిన స్త్రీకి మాత్రమే ఈ అవకాశం ఉండేది. భారతీయ స్త్రీని వివాహమాడిన విదేశీ పురుషునికి ఉండేది కాదు. 1986 సవరణ ఆ వివక్షను తొలగించి, ఐదేళ్ళ నివాసం అనే షరతు పెట్టింది. 2003 సవరణ దానిని ఏడేళ్ళు చేసింది. నేటికీ అదే అమలులో ఉంది.

5(1)(సి) సెక్షను చెప్పే ఏడేళ్ళను చట్టం ఇలా విడదీస్తుంది. దరఖాస్తుకు వెంటనే ముందున్న 12 నెలలు పూర్తిగా భారతదేశంలోనే నివసించాలి. దానికి ముందరి ఎనిమిదేళ్ళలో కలిపి ఆరేళ్ళకు తక్కువ కాకుండా నివసించాలి. చివరి 12 నెలలే ముఖ్యం. ప్రత్యేక పరిస్థితులలో గరిష్ఠంగా 30 రోజుల వరకు సడలించే అధికారం కేంద్రానికి 2015 సవరణ ద్వారా వచ్చింది. పుట్టింటికి రెండు నెలలు వెళ్ళి వచ్చిన కోడలికి ఆ సడలింపు చాలదు. తిరిగి వచ్చిన నాటి నుండి 12 నెలలు మళ్ళీ లెక్కించుకోవలసిందే.

ఈ 12 నెలల లెక్క ఎంత దూరం వెళ్ళగలదో తెలుగు నేలపైనే ఒక ఉదాహరణ ఉంది. వేములవాడ శాసనసభ్యునిగా పలుమార్లు ఎన్నికైన చెన్నమనేని రమేశ్ 1993లో జర్మనీ పౌరసత్వం తీసుకున్నారు. 2008లో భారత పౌరసత్వానికి దరఖాస్తు చేసి 2009 ఫిబ్రవరిలో పొందారు. ఆయన దరఖాస్తు వివాహం ద్వారా చేసినది కాదు, పూర్వం భారత పౌరులుగా ఉన్నవారికి గల వేరొక నిబంధన కింద చేసినది. కానీ 12 నెలల నివాస షరతు అక్కడా ఉంది. దరఖాస్తుకు ముందు ఏడాది ఆయన దేశంలో పూర్తిగా ఉండలేదని, విదేశీ ప్రయాణాలను తెలుపలేదని కేంద్ర హోం శాఖ నిర్ధారించి 2017లోను, కోర్టు ఆదేశంపై పునఃపరిశీలించి 2019లోను ఆ పౌరసత్వాన్ని రద్దు చేసింది. 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు ఆయన జర్మనీ పౌరుడేనని తీర్పు చెప్పి 30 లక్షల రూపాయల ఖర్చులు విధించింది. పౌరసత్వ పత్రం చేతికి వచ్చిన తరువాత కూడా, దాచిన విషయం బయటపడితే 10వ సెక్షను కింద అది రద్దు కాగలదు. పాస్‌పోర్టుపై పడిన ప్రతి ముద్రనూ తేదీలతో సహా దరఖాస్తులో చూపవలసినది అందుకే.

మరొక దారి 5(1)(జి). ఓ.సి.ఐ. కార్డు పొంది ఐదేళ్ళు నిండి, దరఖాస్తుకు ముందు 12 నెలలు ఇక్కడ నివసించినవారు పౌరసత్వం కోరవచ్చు. విదేశంలో కాపురముంటూ రెండేళ్ళు నిండగానే ఓ.సి.ఐ. తీసుకున్న దంపతులకు ఇదే దగ్గరి దారి.

మొదటి వివాహపు పిల్లలు

పౌరసత్వ చట్టంలో సవతి బిడ్డ అన్న మాటే లేదు. భారతీయుడైన సవతి తండ్రి ఆ బిడ్డను కన్నబిడ్డలా పెంచవచ్చు, బడిలో తండ్రిగా సంతకం చేయవచ్చు. అయినా ఆయన పౌరసత్వం బిడ్డకు సంక్రమించదు. భార్యకు ఓ.సి.ఐ. లభించినా ఆమె మొదటి వివాహపు బిడ్డకు లభించదు. ఎందుకంటే 7ఎ సెక్షను మైనరు బిడ్డలకు కార్డు ఇచ్చేది తల్లిదండ్రులలో ఒకరు భారత పౌరులైనప్పుడు, లేదా వారు పూర్వం భారత పౌరులై ఉండటం వంటి కారణాలతో అర్హులైనప్పుడు. వివాహం వలన కార్డు పొందిన విదేశీ తల్లి ఆ వర్గంలోకి రాదు.

కనుక బిడ్డకు దారి కన్నతల్లి ద్వారానే. తల్లి పౌరురాలైన పిమ్మట, బిడ్డ ఇంకా మైనరుగా ఉంటే 5(1)(డి) కింద పౌరుల మైనరు సంతానంగా నమోదు కోరవచ్చు. ఇక్కడే వయసు లెక్క అడ్డు వస్తుంది. తొమ్మిదేళ్ళ బాలునితో తల్లి ఇక్కడకు వచ్చిందనుకుందాం. ఏడేళ్ళ నివాసం నిండేసరికి బాలునికి పదహారేళ్ళు. దరఖాస్తు జిల్లా నుండి చెన్నైకి, అక్కడి నుండి ఢిల్లీకి వెళ్ళి, పోలీసు విచారణ పూర్తయి, విదేశీ పౌరసత్వం వదలుకొన్న రుజువు సమర్పించి తల్లి పత్రం పొందేలోగా పద్దెనిమిది దాటిపోవచ్చు. పన్నెండేళ్ళ వయసులో వచ్చిన బిడ్డకైతే తల్లి దరఖాస్తు చేసే నాటికే పంతొమ్మిది. అదే తల్లి ఓ.సి.ఐ.తోనే ఇక్కడకు వస్తే, కార్డు నాటి నుండి ఐదేళ్ళే గనుక తొమ్మిదేళ్ళ బాలుడు పద్నాలుగుకే ఆ మెట్టు చేరతాడు. ఎప్పుడు తిరిగి రావాలి, ముందుగా ఏ పత్రం తీసుకోవాలి అన్నది బిడ్డ వయసును బట్టి నిర్ణయించుకోవలసిన విషయం.

మరో సన్నని దారి 5(4). ప్రత్యేక పరిస్థితులు ఉన్నాయని తృప్తి చెందితే కేంద్ర ప్రభుత్వం ఏ మైనరునైనా పౌరునిగా నమోదు చేయవచ్చు. ఇది హక్కు కాదు, ప్రభుత్వ విచక్షణ. అయినా కన్నతండ్రి మరణించిన, లేదా బాధ్యత వదలుకొన్న బిడ్డల విషయంలో ఈ సెక్షనును ఉదహరించి దరఖాస్తు చేయడంలో నష్టం లేదు.

పద్దెనిమిది దాటిన బిడ్డ తన స్వంత నివాసంపై ఆధారపడి 6వ సెక్షను కింద సహజీకరణ కోరాలి. దరఖాస్తుకు ముందు 12 నెలలు, దానికి ముందరి 14 ఏళ్ళలో కలిపి 11 ఏళ్ళు ఇక్కడ నివసించి ఉండాలి. బాల్యంలో గడిపిన ఏళ్ళు కూడా లెక్కకు వస్తాయి గనుక చిన్ననాటి వీసాలు, నమోదు పత్రాలు, బడి రికార్డులు పారవేయరాదు. రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఒక భాష తగినంతగా తెలిసి ఉండాలన్నది మరో షరతు. ఆ జాబితాలో తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఉన్నాయి. డెంకణికోటలో పెరిగిన పిల్లవానికి ఈ ఒక్క షరతు బహుశా కష్టం కాదు.

దత్తత మాటేమిటని చాలామంది అడుగుతారు. సవతి తల్లి లేదా తండ్రి దత్తత స్వీకరించేందుకు 2022 నాటి దత్తత నిబంధనలలో ప్రత్యేక ఏర్పాటు ఉంది. కన్న తల్లిదండ్రుల సమ్మతి అవసరం. 2022 సెప్టెంబరు 1 నుండి దత్తత ఉత్తర్వులు ఇచ్చే అధికారం కోర్టుల నుండి జిల్లా మేజిస్ట్రేటుకు, అంటే కలెక్టరుకు మారింది. దీని వలన వారసత్వం, సంరక్షణ హక్కులు స్థిరపడతాయి. పౌరసత్వం మాత్రం దానంతట అది రాదు. బిడ్డ ఇంకా విదేశీ పౌరుడే గనుక ఆ దేశపు నియమాలు కూడా చూడాలి.

ఇక ఈ దంపతులకు ఇక్కడే పుట్టిన బిడ్డ సంగతి. 2004 డిసెంబరు 3 నాడు గాని ఆ తరువాత గాని భారతదేశంలో జన్మించిన బిడ్డకు తల్లిదండ్రులలో ఒకరు భారత పౌరులై, రెండవవారు అక్రమ వలసదారు కాకుంటే పుట్టుకతోనే పౌరసత్వం ఉంటుంది. ఫలితంగా ఒకే ఇంట్లో చెల్లెలు భారతీయురాలు, అన్న విదేశీయుడు. అన్నకు వీసా పొడిగింపు కావాలి, చెల్లెలికి అక్కరలేదు. ఈ వింతను పిల్లలకు చిన్ననాడే చెప్పి ఉంచడం మేలు.

అక్రమ వలసదారు అన్న పదం

పైన వచ్చిన ఈ పదం మన జిల్లాకు దూరమైనది కాదు. 1983 నుండి వచ్చిన శ్రీలంక తమిళ కాందిశీకుల శిబిరాలు కృష్ణగిరి జిల్లాలో కూడా ఉన్నాయి. అక్కడివారికి, స్థానికులకు మధ్య వివాహాలు జరుగుతుంటాయి. చెల్లుబాటయ్యే పాస్‌పోర్టు, వీసా లేకుండా వచ్చినవారిని చట్టం అక్రమ వలసదారులుగా నిర్వచిస్తుంది. వారు 5వ సెక్షను కింద దరఖాస్తు చేయలేరు. భారతీయుని వివాహమాడి ఎన్ని దశాబ్దాలు గడిచినా ఈ అడ్డంకి అలాగే ఉంటుంది. 2004 డిసెంబరు 3 తరువాత పుట్టిన వారి పిల్లల పౌరసత్వం కూడా దీని వలన సందేహంలో పడుతుంది. 1987 జూలై 1కి ముందు పుట్టినవారి సంగతి వేరు. 1986లో మండపం శిబిరంలో జన్మించిన ఒక మహిళకు పాస్‌పోర్టు ఇవ్వాలని 2022లో మద్రాసు హైకోర్టు ఆదేశించింది. ఆ తేదీకి ముందు ఇక్కడ పుట్టినవారికి పుట్టుకే చాలు. 2025 సెప్టెంబరులో కేంద్రం జారీ చేసిన ఉత్తర్వు, 2015 జనవరి 9 వరకు వచ్చి నమోదైన శ్రీలంక తమిళ కాందిశీకులకు కొత్త చట్టంలోని శిక్షల నుండి మినహాయింపు ఇచ్చింది. అది శిక్ష నుండి మినహాయింపే గాని పౌరసత్వ దానం కాదు. 2019 పౌరసత్వ సవరణ చట్టంలో శ్రీలంక లేదు.

ఇక్కడి నుండి వెళ్ళేవారు

బిడ్డతో పునర్వివాహమాడి అమెరికా వెళ్ళే మహిళ ముందుగా భర్త అమెరికా పౌరుడా, గ్రీన్ కార్డుదారుడా అని తెలుసుకోవాలి. గ్రీన్ కార్డుదారుడైతే భార్య కొరకు పెట్టిన దరఖాస్తులోనే ఆమె మైనరు బిడ్డ కలిసి వెళ్ళవచ్చు. పౌరుడైతే, వినడానికి విడ్డూరంగా ఉన్నా, అలా కుదరదు. భార్యకు ఒకటి, ప్రతి బిడ్డకు ఒకటి చొప్పున వేర్వేరుగా ఐ-130 దరఖాస్తులు పెట్టాలి. తల్లికి వీసా వచ్చి, విమానం టికెట్లు కొన్న తరువాత బిడ్డ పేరున దరఖాస్తే లేదని తెలిసి, అవ్వ తాతల వద్ద బిడ్డను వదలి వెళ్ళవలసి వచ్చేది ఇటువంటి సందర్భాలలోనే.

అమెరికా చట్టం సవతి బంధాన్ని గుర్తిస్తుంది. ఆ మేరకు అది మన చట్టం కంటె ఉదారమైనది. అయితే బిడ్డకు పద్దెనిమిదేళ్ళు నిండకముందే ఆ వివాహం జరిగి ఉండాలి. పద్దెనిమిదవ పుట్టినరోజు గడిచాక పెళ్ళి జరిగితే సవతి తండ్రి ఆ బిడ్డ కొరకు దరఖాస్తు చేయలేడు. వివాహమై రెండేళ్ళు నిండకముందే వచ్చిన గ్రీన్ కార్డు షరతులతో కూడినది. రెండేళ్ళ గడువు ముగిసే ముందరి 90 రోజులలో షరతుల తొలగింపునకు దరఖాస్తు చేయాలి, అందులో బిడ్డ పేరు కూడా ఉండేట్లు చూడాలి. పౌరసత్వం దగ్గర మళ్ళీ మన కథే. సవతి తండ్రి అమెరికా పౌరుడైనంత మాత్రాన బిడ్డ పౌరుడు కాడు. 2001 ఫిబ్రవరి నుండి అమలులో ఉన్న చట్టం ప్రకారం కన్న తల్లి పౌరసత్వం పొందే నాటికి బిడ్డ పద్దెనిమిదికి లోబడి, గ్రీన్ కార్డుతో, ఆమె సంరక్షణలో అక్కడే నివసిస్తుంటే తానూ పౌరుడవుతాడు. పౌరుని భార్యకు మూడేళ్ళలోనే ఆ అవకాశం వస్తుంది గనుక తల్లి ఆలస్యం చేయరాదు.

కెనడాలో వేరొక ప్రమాదం ఉంది. అక్కడ భార్య దరఖాస్తులోనే ఆధారపడిన పిల్లలను చూపవచ్చు. వెంట రాని బిడ్డను కూడా తప్పక చూపాలి, వైద్య పరీక్ష చేయించాలి. ఇప్పుడు తీసుకుపోవడం లేదు గదా అని పేరు వదలివేస్తే, తరువాత ఆ బిడ్డను కుటుంబ సభ్యునిగా పిలిపించుకోవడం సాధారణంగా వీలు పడదు. మొదటి పెళ్ళి ప్రస్తావన ఎందుకని బిడ్డ సంగతి దాచే అలవాటు మన వైపు ఇంకా ఉంది. ఆ మొహమాటానికి వెల చెల్లించేది బిడ్డ.

బయలుదేరే ముందు బిడ్డ సంరక్షణ ఎవరిదో తెలిపే కోర్టు ఉత్తర్వు, కన్నతండ్రి జీవించి ఉంటే ఆయన రాతపూర్వక సమ్మతి, మరణించి ఉంటే మరణ ధ్రువపత్రం సిద్ధంగా ఉండాలి. విడాకుల సమయంలోనే, బిడ్డను విదేశాలకు తీసుకువెళ్ళేందుకు అభ్యంతరం లేదన్న వాక్యం తీర్పులో చేరేట్లు న్యాయవాదిని కోరవచ్చు. తరువాత దాని కొరకు తిరగడం కంటె ఇది సులభం. తమిళంలో ఉన్న జనన ధ్రువపత్రాలకు ధ్రువీకృత ఆంగ్లానువాదం జతపరచాలి. బిడ్డ పాస్‌పోర్టులో తల్లిదండ్రులిద్దరి పేర్లూ ఉండి తీరాలన్న నియమం 2016 డిసెంబరులో సడలింది. ఒంటరి తల్లి తన పేరుతోనే బిడ్డకు పాస్‌పోర్టు తీసుకోవచ్చు.